పందిరి వీధి నికర సున్నా

మొదటి నెలలో నేను చేయవలసిన పనులు ఇవి:

ఒకటి. పందిరి వీధిలోని ముప్పై ఒక్క ఇళ్ళకూ వెళ్ళి, పొరుగువారి మీద ఎంత నమ్మకం ఉందో అడిగి, ఒకటి నుంచి పది వరకు ఒక అంకె రాసుకోవాలి. ఎందుకుందని అడగకూడదు. ప్రశ్నావళిలో ఆ గడి లేదు.

రెండు. గత ముప్పై రోజుల్లో అరుగుల మీద జరిగిన సంభాషణలు లెక్కపెట్టాలి. మూడు నిమిషాలకు తగ్గినవి పలకరింపుల కిందికి వస్తాయి కాబట్టి వదిలేయాలి.

మూడు. ఇంటి నుంచి ఇంటికి వెళ్ళిన కూరలు, పచ్చళ్ళు, పంచదార, కాఫీపొడి, నిచ్చెనలు, గొడుగులు, సలహాలు విడివిడిగా నమోదు చేయాలి. సలహా అడిగితే ఇచ్చారా, అడక్కుండానే ఇచ్చారా అన్నది కూడా రాయాలి.

నాలుగు. ఎవరైనా మంచినీళ్ళిస్తే తాగకూడదు. సర్వేకు వెళ్ళినవాడు నీళ్ళు తాగితే ఆ వీధి ఔదార్యం కృత్రిమంగా పెరుగుతుంది.

ఐదు. పై పనులన్నీ చిరునవ్వుతో చేయాలి.

అన్నీ చేశాను. ఐదోది ఎక్కువ చేశాను. నాలుగో రోజుకి దవడలు నొప్పెట్టాయి.

మాది సామాజిక మూలధన గణన విభాగం. నేనందులో ఒప్పంద పద్ధతి మీద పనిచేసే పరిశోధకుణ్ణి. మా నాన్న కొబ్బరికాయల లారీలకు లోడింగు చేస్తాడు. మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే, అదీ స్టాటిస్టిక్సు. ఉద్యోగం వచ్చిందని చెప్పగానే అమ్మ అడిగింది, "ఏం లెక్కపెడతావురా రత్నరాజూ?" అని. ఒక వీధిలో మనుషులు ఒకరికొకరు ఎంత సాయం చేసుకుంటారో లెక్కపెడతానన్నాను. అమ్మ కాసేపు ఆలోచించి, "వాళ్ళకి తెలీదా?" అంది. చదువుకోనివాళ్ళతో ఇదే ఇబ్బంది అనుకున్నాను.

శిక్షణ రెండు రోజులు. మా డిప్యూటీ డైరెక్టరు పరాంకుశం గారు ప్రారంభోపన్యాసం చేశారు.

"మిత్రులారా! నమ్మకం అనేది ఇంతకాలం మనుషుల మనసుల్లో, అంటే అసంఘటిత రంగంలో ఉండిపోయింది. దానికి రశీదు లేదు, రిజిస్టరు లేదు. దాన్ని సంఘటిత రంగంలోకి తీసుకురావలసిన చారిత్రక బాధ్యత మన భుజస్కంధాల మీద ఉన్నది."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను చప్పట్లు కొట్టి ఊరుకుంటే ఈ కథ ఉండేది కాదు. సందేహాలుంటే అడగమన్నారు. సందేహాలుంటే అడగమనడం మర్యాదకేనని మా ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు. లేచి నిలబడ్డాను.

"సార్, మా వైపు గిన్నె ఖాళీగా తిరిగి పంపరండి. మా అమ్మ పక్కింటికి పులుసు పంపితే, వాళ్ళు ఆ గిన్నెలోనే ఏదో ఒకటి వేసి పంపుతారు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేస్తారు. అప్పుడది ఒక సాయమా అండి, రెండా?"

పరాంకుశం గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"కూర్చోండి," అన్నారు. నేను కూర్చోబోయాను. "కాదు, నిలబడండి. అందరూ ఈయన్ని చూడండి. మొత్తం సర్వేలో ఉన్న మౌలిక లోపాన్ని ఈ కుర్రాడు పట్టుకున్నాడు."

ఆయన అరగంట వివరించారు. ఇచ్చింది తిరిగి వచ్చేస్తే ఇక ఇచ్చిందేముంది? అది సంతలో జరిగే మార్పిడి. సాయం అంటే వెళ్ళి తిరిగి రానిది. కాబట్టి వెళ్ళినదాంట్లోంచి వచ్చినదాన్ని తీసివేయగా మిగిలేదే నికర ఔదార్యం. ఇచ్చిన ప్రతి వందలో తిరిగి రానివి ఎన్నో, అదే ఆ వీధి సూచిక. దేని విలువెంత అన్నది వేరే విభాగం పరిధి కనుక, మా లెక్కకు ఏ వస్తువైనా ఒకటే.

మూడో రోజుకల్లా 'స్పష్టీకరణ నాలుగు' వెలువడింది. "పరిశోధకులు శ్రీ రత్నరాజు లేవనెత్తిన సందేహమును పురస్కరించుకొని" అని మొదలవుతుంది. అంతకు ముందు మా వంశంలో ప్రభుత్వ కాగితాల మీద ఎక్కిన పేర్లన్నీ తప్పుగానే ఎక్కాయి. ఇది ఒప్పుగా ఎక్కింది. దాన్ని లామినేషను చేయించాను.

పందిరి వీధి మొదట్లోనే సత్యవేణి గారి పిండిమర ఉంది. వీధికి పెద్ద ఎవరని అడిగితే అందరూ ఆవిడనే చూపిస్తారు. ఆవిడ ఒంటి నిండా బియ్యప్పిండితో వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏంటండీ, కూరలు లెక్కెడతన్నారంట?"

"అవునండీ. నిన్న మీ ఇంట్లోంచి ఎవరికైనా ఏమైనా వెళ్ళిందా?"

"గోంగూర పప్పెళ్ళింది. మాలచ్చమ్మ పిన్నికి."

"గిన్నె తిరిగి వచ్చిందా?"

"రాకేంటండీ? పప్పు తింటారు గానీ గిన్నె తింటారా?"

"ఖాళీగా వచ్చిందాండీ?"

ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "ఖాళీ గిన్నె పంపుతారేంటండీ ఎవరైనా? మీ అమ్మగారు పంపుతారా?"

"పంపదండి."

"మరి? చదువుకున్నోరు, మీకూ చెప్పాలా? నాలుగు రెబ్బలు కరివేపాకు వేసి పంపింది."

పప్పు ఒకటి. కరివేపాకు ఒకటి. నికరం సున్నా. రాసుకున్నాను. ఆవిడ మంచినీళ్ళు తెచ్చింది. వద్దన్నాను, చిరునవ్వుతో.

మాలచ్చమ్మ అని వీధంతా పిలిచే ఆవిడది చివరి ఇల్లు, ముప్పై ఒకటో నంబరు. ఒకటే గది, వెనక కాస్త దొడ్డి. డెబ్భై ఒక్కేళ్ళు. పిల్లల్లేరు, భర్త పోయి చాలా కాలమైంది. ఆ ఇంట్లో పొయ్యి మీద అన్నం మాత్రమే ఉడుకుతుంది. కూర ఏదో ఒక ఇంట్లోంచి వస్తుంది. ఏ పూట ఎవరి వంతని ఎవరూ అనుకోలేదు. అయినా ఒకే పూట రెండు గిన్నెలు వెళ్ళవు, ఒక్క పూటా మానదు. ఇదెలా జరుగుతోందని అడిగాను. "జరుగుద్దండీ," అన్నారు. దానికీ గడి లేదు.

వచ్చిన గిన్నెని ఆవిడ తోమి, దొడ్లోకి వెళ్ళి, ఏది దొరికితే అది వేసి పంపుతుంది. కరివేపాకు, రెండు పచ్చిమిరపకాయలు, అల్లం ముక్క, గుప్పెడు కనకాంబరాలు. నేను వెళ్ళినప్పుడు ఒక గిన్నె ముందు పెట్టుకుని వాకిట్లో కూర్చుని ఉంది.

"ఏం వెయ్యాలో తోచట్లేదు బాబూ," అంది. "మిరప చెట్టు ఇంకా పూతలో ఉంది. నిమ్మాకులు వేస్తే బాగోదేమో?"

"బాగుంటుందమ్మా, మజ్జిగలోకి," అన్నాను. అడిగితే ఇచ్చిన సలహా, ఒకటి. కానీ నేను సర్వేకు వచ్చినవాణ్ణి కాబట్టి కొట్టేశాను.

నెలాఖరుకి లెక్క తేలింది. పందిరి వీధిలో నాలుగు వందల పన్నెండు వెళ్ళాయి. నాలుగు వందల పన్నెండు తిరిగి వచ్చాయి. సూచిక సున్నా.

ఊరి అవతల కొత్తగా కట్టిన అపార్టుమెంటులో మా సహోద్యోగి సర్వే చేశాడు. అక్కడ ఏడాది మొత్తం మీద జరిగినవి ఐదు సాయాలు. వాటిలో ఒక నిచ్చెన, ఒక డ్రిల్లింగు మిషను, ఒక గొడుగు తిరిగి రాలేదు. సూచిక అరవై. నిచ్చెన పోయినాయన, దాన్ని పట్టుకెళ్ళినాయన గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాడట. అది సంభాషణల కింద నమోదైంది.

పరాంకుశం గారు నా నివేదిక చదివి నిట్టూర్చారు. "ఎంత దారుణమైన వీధి! ఒక్కడంటే ఒక్కడు కూడా ఒక్కటంటే ఒక్కటి కూడా ఉంచుకోలేదు. ఎదుటివాడి సాయం స్వీకరించేపాటి నమ్మకం కూడా లేకపోతే ఎలాగండీ?"

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. పందిరి వీధిని విశ్వాస శూన్య ప్రాంతంగా గుర్తించారు. వీధి మొదట్లో ఎర్ర బోర్డు పాతారు. విశ్వాసం లేని చోట ఉమ్మడి సౌకర్యం ఉంటే తగాదాలు చెలరేగే ప్రమాదం ఉంది కనుక, అరవై రోజుల్లోగా సూచిక తొంభై దాటని పక్షంలో వీధి కుళాయిని తొలగిస్తారు. ఆ ముప్పై ఒక్క ఇళ్ళకీ మంచినీళ్ళ కుళాయి అదొక్కటే.

నేను ఆయన గదిలోకి వెళ్ళాను. "సార్, ఆ సందేహం నేను అడిగిందేనండి. అడగడం నా పొరపాటండి. మా అమ్మ కూడా గిన్నె అలాగే పంపుద్దండి. ఆ లెక్కన మా ఇంట్లో కూడా..."

"రత్నరాజూ, మీ వినయం నాకు నచ్చింది," అన్నారాయన. "కానీ స్పష్టీకరణకు స్పష్టీకరణ ఉండదు. పైగా మీ ఒప్పందం కూడా ఆ అరవయ్యో రోజుకే కదా ముగిసేది? వీధిని పైకి తీసుకురండి. మీరూ పైకి వస్తారు."

బయటికి వచ్చాక కూడా ఆ 'వినయం' అన్న మాట చెవిలో తియ్యగా ఉంది. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, అయినా చెబుతున్నాను.

పిండిమరలో వీధి సమావేశం జరిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గిన్నెలు ఖాళీగా పంపించుకోండి, చాలు, కుళాయి ఉంటుంది అన్నాను.

"అంటే ఏంటండీ," అంది సత్యవేణి. "ఇచ్చింది దిగమింగి ఊరుకుంటే మంచోళ్ళమా?"

"నికరంగా, అవునండీ."

"మీరు ఏం చదివారండీ?"

చెప్పాను.

"ఆయ్, మా తమ్ముడి కొడుకుని అందులోనే చేర్పించాం. రేపే మాన్పించేత్తాను."

అయినా కుళాయి కదా. మొదలుపెట్టారు. మొదటి వారం ఎవరి చేతులూ మాట వినలేదు. ఒకావిడ ఖాళీ గిన్నె తీసుకెళ్ళి గుమ్మం దగ్గర పెట్టి, తలుపు కొట్టి, ఎవరూ చూడకముందే పరిగెత్తుకొచ్చేసింది. ఇంకొకావిడ గిన్నె ఖాళీగా ఉన్నట్టు కనపడకూడదని పైన పళ్ళెం మూత పెట్టి పంపింది. వాళ్ళు ఆశగా మూత తీశారు. ఆ రెండిళ్ళకీ మాటల్లేకుండా పోయాయి.

ఇరవయ్యో రోజుకి సూచిక ఇరవై రెండు. పరాంకుశం గారు ఉత్సాహపడి 'స్పష్టీకరణ తొమ్మిది' ఇచ్చారు: గిన్నె కూడా వస్తువే. గిన్నె తిరిగి వస్తే అది కూడా తీసివేతే. ఈసారి అందులో నా పేరు లేదు. నిజం చెప్పాలంటే, వెతికాను.

దాంతో గిన్నెలు కూడా వెళ్ళినచోటే ఉండిపోయాయి. సూచిక నలభై ఎనిమిదికి లేచింది. నెల తిరిగేసరికి ఎవరింట్లో ఎవరి పేరున్న గిన్నెలున్నాయో తెలియలేదు. సత్యవేణి చారు కాచి టీ గ్లాసులో పోసి పంపింది.

"నా మూత గిన్నె వాళ్ళింటికెళ్ళి నెలైంది," అంటూ ఒకావిడ నన్ను దారిలో ఆపింది. "నిన్న చూశాను, అందులో ఇడ్లీకి పప్పు నానబెట్టుకుంది. అడిగితే, కుళాయి కోసం ఉంచుకున్నానొదినా అంది. కుళాయి కోసం పప్పు నానబెట్టుకోవాలేంటండీ?"

"ఆవిడ ఔదార్యాన్ని స్వీకరించిందండీ."

"దాని మొహం స్వీకరించింది."

అరుగుల మీద సంభాషణలు పెరిగాయి. ఒక్కోటి నలభై నిమిషాలు నడిచేది. అందరూ గిన్నెల గురించే మాట్లాడుకునేవారు, గొంతు పెంచి. తగాదాల గడి ఉందా అని ఆఫీసుకి ఫోను చేశాను. తగాదాలు పోలీసు శాఖ పరిధిలోకి వస్తాయి, మీరు సంభాషణగా రాయండి అన్నారు.

యాభై రెండో రోజుకి సూచిక అరవై ఏడు దగ్గర ఆగిపోయింది. ఎంత తోసినా కదల్లేదు. కారణం చిన్నది. తగాదాలొచ్చాక వీధిలో వెళ్ళే గిన్నెల్లో మూడో వంతు మాలచ్చమ్మ ఇంటికే వెళుతున్నాయి. ఆ మూడో వంతూ, తోమిన గిన్నెల్లో కరివేపాకుతో తిరిగి వస్తున్నాయి. ఆవిడకి ఇద్దరు ముగ్గురు చెప్పిచూశారు. "నాకు తెలీదమ్మా ఆ లెక్కలు," అని దొడ్లోకి వెళ్ళిపోయిందట.

పరాంకుశం గారికి విన్నవించాను. ఆయన చిటికెలో పరిష్కరించారు.

"ఆవిడ చేత లబ్ధిదారు ధ్రువీకరణ పత్రం తీసుకోండి. 'నేను నా పొరుగువారి నుండి సాయము పొందుచున్నాను, తిరిగి ఏమియు ఇచ్చుటలేదు, ఇకముందు ఇవ్వజాలను' అని ఒక్క సంతకం. దానికి వెనకటి తేదీ నుంచి అమలు. వచ్చిన ఆకులూ అలములూ అన్నీ రద్దవుతాయి."

ఆ కాగితం పట్టుకుని వెళ్ళాను. ఒక్కణ్ణీ వెళ్ళలేక సత్యవేణి గారిని తోడు తీసుకెళ్ళాను.

మాలచ్చమ్మ మాకు పీటలు వేసింది. నేను కాగితం చదివాను. చదువుతుంటే ఆ గ్రాంథికం నా నోట్లో ఇసకలా తగిలింది. అర్థం చెప్పమంది. చెప్పాను.

"అంటే," అంది ఆవిడ నెమ్మదిగా, "నేను ముష్టి తింటన్నానని రాసిస్తే కుళాయి ఉంటాది."

"అలా కాదు పిన్నీ," అంది సత్యవేణి. "ఉత్త కాయితమే పిన్నీ. ఎవడు చూత్తాడు దాన్ని?"

"చూడని కాయితానికి సంతకం దేనికే?"

ఆ ప్రశ్నకి సత్యవేణి నా వైపు చూసింది. నేను కాగితం వైపు చూశాను.

"బాబూ, నీ ఉద్యోగం కూడా దీని మీదే ఉందంట కదా?"

"ఉందమ్మా." అబద్ధం చెప్పలేకపోయాను. చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

"మీ అయ్య ఏం చేత్తాడు?"

చెప్పాను.

ఆవిడ కాసేపు దొడ్డి వైపు చూస్తూ కూర్చుంది. "రెండో ఇంట్లో బాలింత ఉంది," అంది ఎవరితోనో అన్నట్టు. "ఆ పిల్ల నీళ్ళకి రోడ్డు దాకా ఏం పోద్ది." తర్వాత చెయ్యి చాపింది. నేను సిరాపెట్టె తీయబోయాను.

"నిశాని కాదు. రాయడం వచ్చు నాకు. రాత్రిబడిలో నేర్చుకున్నాను."

పెన్ను తీసుకుని, గీత మీద, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పేరంతా రాసింది. రాసి, "సరిపోయిందా?" అని అడిగింది. సరిపోయిందన్నాను.

సూచిక తొంభై నాలుగైంది.

మర్నాడు పొద్దున్న సత్యవేణి బీరకాయ కూర పట్టుకుని వెళితే ముప్పై ఒకటో నంబరు ఇంటికి తాళం ఉంది. మూడు రోజులు చూశారు. ఎవరి గిన్నెలు వాళ్ళవి, తోమి, ఆ ఇంటి అరుగు మీద బోర్లించి ఉన్నాయి.

నేను హడావిడిగా ఆఫీసుకి ఫోను చేశాను. ఆవిడ లేకపోయినా పత్రం చెల్లుతుందని చెప్పారు. నేను అడగాలనుకున్నది అది కాదు. కానీ వాళ్ళు చెప్పింది విని, థాంక్యూ సార్ అన్నాను.

ఎర్ర బోర్డు తీసి ఆకుపచ్చ బోర్డు పాతారు. 'ఆదర్శ విశ్వాస వీధి'. సభ జరిగింది. పరాంకుశం గారు సత్యవేణికి శాలువా కప్పి మాట్లాడమన్నారు. ఆవిడ మైకు పట్టుకుని, "కుళాయి ఉంచినందుకు దణ్ణవండీ," అని దిగిపోయింది. దిగి నేరుగా నా దగ్గరికొచ్చింది.

"పిన్ని ఎక్కడుందో కనుక్కోండి. అది మీ లెక్కలోకి రాదేమో. అయినా కనుక్కోండి."

కనుక్కోవడానికి పదకొండు రోజులు పట్టింది. ఊరికి ఆ చివర ఆడపిల్లల హాస్టలు వంటశాలలో ఉంది. గచ్చు మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. ముందు తట్టెడు పొట్టు. వేళ్ళు పాలిపోయి ఉన్నాయి.

"ఇక్కడికి కూడా లెక్కకొచ్చావా బాబూ?"

"లేదమ్మా. ఊరికే వచ్చాను."

"కుళాయి ఉందా?"

"ఉందమ్మా."

"నీ ఉద్యోగం?"

"ఏడాది పొడిగించారమ్మా."

"పోన్లే. మీ అమ్మ సంతోషపడుద్ది." ఇంకో పాయ తీసుకుంది.

"అమ్మా, ఇంటికి రండి. వీధంతా మీ కోసం చూస్తున్నారు. సత్యవేణి గారైతే రోజూ అడుగుతున్నారు. ఈ వయసులో ఈ పనేంటమ్మా?"

"పనికేం బాబూ. పని చేత్తన్నాను, తింటన్నాను. ఎవరికీ ఏమీ రాసివ్వక్కర్లేదు." కాసేపు ఒలిచింది. "రావాలనే ఉంటది. పొద్దున్న లేవగానే దొడ్డి గుర్తొత్తది. కానీ వచ్చి, ఎవరన్నా కూర పంపితే, నేను ఊరుకోలేను. చెయ్యి ఊరుకోదు. ఏదో ఒకటి వేసి పంపేత్తాను. నేను ఇవ్వనని రాసిచ్చాను కదా. మళ్ళీ మీ అంకె పడిపోద్ది, వాళ్ళ కుళాయి పోద్ది. రత్నరాజువి కదూ నువ్వు? నీ ఉద్యోగం కూడా పోద్ది."

నేను స్టాటిస్టిక్సు చదివానని ఇంతకు ముందే చెప్పాను. ఆవిడ లెక్కలో తప్పు దొరకలేదు.

సత్యవేణికి చెప్పాను. ఆవిడ వింటూనే పిండిమర ఆపేసి, అప్పుడే బయల్దేరి వెళ్ళింది. సాయంత్రానికి ఒంటరిగా తిరిగి వచ్చింది. నాతో ఇప్పటికీ మాట్లాడటం లేదు. గణాంకాల ప్రకారం మా ఇద్దరి మధ్య సంభాషణలు సున్నా. ఈ సున్నా మాత్రం నిజమైనది.

ఆఫీసులో ఎలా తెలిసిందో తెలిసింది. పరాంకుశం గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఏమిటీ, లబ్ధిదారు ఉపాధి పొందిందా? రత్నరాజూ, ఇది కదా ఫలితం అంటే! పొరుగువారి తోడ్పాటు స్వావలంబనగా పరిణమించింది. వార్షిక నివేదికలో విజయగాథగా వేద్దాం. మీరే రాయండి. మీకు ఆవిడ బాగా తెలుసు కదా."

రాశాను. పన్నెండు వాక్యాలు. భాష బాగుందని మెచ్చుకున్నారు. పేరు మాత్రం తీసేశారు. లబ్ధిదారుల గోప్యత దృష్ట్యా పేర్లు వేయకూడదట. అచ్చులో 'ఒక వృద్ధ మహిళ (71), ఇంటి నం. 31' అని ఉంటుంది.

ఆ నివేదిక మీ చేతికి రావచ్చు. పత్రికల్లో ఆ తొంభై నాలుగు అన్న అంకె కనపడవచ్చు. ఈ కథ రాస్తున్నది అందుకే. నాకు ఉద్యోగం కావాలి, దాన్ని వదులుకునేంత ధైర్యం లేదు. నేను చేయగలిగింది ఇంతే. ఆవిడ పేరు కుడుపూడి మహలక్ష్మమ్మ. దయచేసి గుర్తుంచుకోండి.